బంక బాంబు జమేదారు

అతను చచ్చిపోయాడన్న కబురు మా తమ్ముడి కోడలు తెచ్చింది. చెప్పి నా మొహంలోకి చూసింది. నేను చేటలో బియ్యం చెరుగుతున్నాను. చెరుగుతూనే "మంచిగైంది" అన్నాను.

"గట్లంటవేందత్తా? ఊళ్లె బడికి సెలవిచ్చిండ్రట. శవం మీద జెండ కప్పిండ్రట. యూనియన్ మిలట్రీ వచ్చిననాడు ఊరిని కాపాడిన మనిషట గదా?"

"కప్పనీ. దాని కిందున్న పీనుగ ఎవలదో నాకెరుక" అన్నాను.

అతని పేరు నేను రాయను. రాస్తే ఎవరో ఒకరు దానికీ దండ వేస్తారు. ఊళ్లో అందరూ జమేదారు అనేవారు. పల్టన్‌లో ఉత్త సిపాయేనట. జర్మనీ యుద్ధం నుంచి ఊరికి రాగానే తనకు తానే జమేదారు అయ్యాడు, దొర ఉండే గడీలో పెత్తనానికి కుదిరాడు. మా ఆయన పేరు మాత్రం రాస్తాను. మొగుడి పేరు నోటితో పలకకూడదని మా అమ్మ నేర్పింది కానీ, రాయకూడదని చెప్పలేదు. మా ఇళ్లల్లో రాయడం ఉంటే కదా చెప్పడానికి! సాయిలు. చాకలి సాయిలు. నాకు అక్షరాలు వచ్చింది చాలా ఆలస్యంగా, నల్లగొండలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేటప్పుడు. ఆ పిల్లలే నేర్పారు.

జమేదారును తలుచుకుంటే నాకు ముందుగా వినిపించేది అతని నోటి గాలి. ఎక్కడికి వచ్చినా కూర్చునే ముందు 'ఫూ' అని ఊదేవాడు. తర్వాత అరచేత్తో తుడిచేవాడు. అరుగు కానీ, మంచం కానీ, ఎడ్లబండి కానీ, తుడవనిదే కూర్చోడు. తుడిచిన చేయి తిప్పి చూసుకునేవాడు. దుమ్ము కనిపించిందా, ఆ ఇంటి ఆడదాన్ని పిలిచి ఆమె కొంగుకే చేయి తుడుచుకునేవాడు. మాది సూర్యాపేట నుంచి నార్కట్‌పల్లి పోయే సడక్ పక్క ఊరు. మోటారు పోయినప్పుడల్లా ఇళ్లల్లోకి ఎర్రమట్టి దిగుతుంది. దుమ్ము లేని జాగా కావాలంటే ఎక్కడి నుంచి తెస్తాం?

నవ్వితే చప్పుడు ఉండదు. భుజాలు మాత్రం ఎగురుతాయి. ఏ మాట చెప్పినా చివర "సమఝ్?" అంటాడు. అవతలివాడు తల ఊపేదాకా వదలడు. తల ఊపడం ఆలస్యమైతే ఆ తలను తానే జుట్టు పట్టుకుని ఊపుతాడు. మా చిన్నత్త కొడుకు నత్తివాడు, పాపం. వాడిని చూస్తే జమేదారుకు పండగే.

అతని దగ్గర ఉన్నది ఒక్కటే కథ. ఇసుక దేశంలో ట్యాంకుల మీదికి పోయిన కథ. గడీ ముందు మనుషులు వెట్టికి వచ్చి నిలబడి ఉంటే, పని చెప్పకుండా ఎండలో నిలబెట్టి అది చెప్పేవాడు.

"తెల్ల దొరలు తోపులన్ని సముద్రం అవుతల పారేసి ఉరికొచ్చిండ్రు. ట్యాంకులేమొ మీదికొస్తానయి. తోపు జేయాల్నంటె నెలలు పడుతది, ఇనుము గావాలె, కార్ఖాన గావాలె. మనిషికేం? ఉత్తగ దొర్కుతడు. గందుకే బుడ్డి జేసి మనిషి చేతిల పెట్టిండ్రు. పోరా, పొయ్యి ట్యాంకుకు అంటించి రా అన్నరు. సమఝ్?"

అందరూ తల ఊపేవారు.

ఆ బుడ్డి సంగతి చెప్పేటప్పుడు అతని రెండు చేతులూ గాలిలో గుండ్రంగా నిలిచేవి, చంటిపిల్ల తలను పట్టుకున్నట్టు. గాజు బుడ్డి. లోపల పేలే పాకం. బుడ్డి మీద ఉన్ని తొడుగు, తొడుగు నిండా బంక. ఆ బంక చేతికి అంటకుండా పైన రేకు డిప్పలు. డిప్పలు ఊడదీసి, పిడి పట్టుకుని ఉరికి, ట్యాంకు రేకుకు ఠప్పున కొట్టాలి. బుడ్డి పగిలి బంకతో సహా అంటుకోవాలి. పిడి వదిలాక ఐదు లెక్కపెట్టేలోపల దూరం పోవాలి.

"అంతకు ముందు చాయ్ ఫ్లాస్కు లెక్క ఒకటుండె. బండబరువు. ఇసిరితె ఇసిరినోని కాళ్లకాడ్నే పడేది. ఎన్కకు గుడ్డసంచి బాంబు వచ్చె. అన్నిట్ల నా పానం మాత్రం బంక బుడ్డి మీదనే. అంటుకుంటె ఇడువది. సిపాయి లాగుకు అంటుకుంటది, చొక్కాకు అంటుకుంటది. ట్యాంకుకే అంటుకోదు, దానెమ్మ. దుమ్ముంటె జారి పడుతది."

అప్పుడు తెలిసింది మాకు, ఆ ఊదడమూ తుడవడమూ ఎక్కడివో. జాలి కలిగిందా అంటే, ఒక పూట కలిగింది. ఆ తర్వాత గోరింకల సంగతి జరిగింది.

నిజాం రాజ్యం మీదికి యూనియన్ ఫౌజులు ఈ సడక్ వెంటే వస్తాయని అందరూ అనుకుంటున్న రోజులు. గడీ దొరకు భయం పట్టుకుంది. పట్నం నుంచి లారీలో ఒక చెక్కపెట్టె దిగింది. అందులో యుద్ధం మిగిల్చిన బంక బుడ్లు, కొన్నే ఉన్నాయి. వాటి మీది బంక ఎండిపోయింది. కొత్త బంక కావాలని జమేదారు ఊరి బయట గుడిసెలేసుకున్న పిట్టలాయనను పట్టుకొచ్చాడు. ఆయన జువ్వి చెట్టు పాలు కాచి, పుల్లలకు పూసి పిట్టలను పట్టే మనిషి. బంక కాచి ఇచ్చాడు. అది ఎంత గట్టిదో చూడాలని జమేదారు గడీ గోడ మీద పుల్లలు పెట్టించాడు. రెండు గోరింకలు వాలి అంటుకున్నాయి.

పిట్టలాయన నూనె గుడ్డ తీసి, "ఉండుండు పటేలా, నేను ఇడిపిస్త. బూడిద రాసి నూనె పెడితె కాళ్లు పాడుగావు" అన్నాడు.

"కాళ్లతోని నాకేం పని?" అని జమేదారు పిట్టను పట్టి లాగాడు. పిట్ట చేతికి వచ్చింది. కాళ్లు పుల్లకే ఉన్నాయి. ఆ కాళ్లను దగ్గర పెట్టుకుని చూసి, "ఇదీ బంకంటె" అన్నాడు. రెండోదాన్ని కూడా అట్లాగే లాగాడు. పిట్టలతో బతికే ఆ మనిషే మొహం తిప్పుకున్నాడు.

వెట్టి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. దొర గడీలో కూలి లేకుండా చేసే చాకిరీ. ఇంటికొక మనిషి పోవాలి, ఏ కులం పని ఆ కులం చేయాలి. యుద్ధానికి కూడా జమేదారు ఆ లెక్కే తీశాడు! సడక్ పక్క గుంతలు వడ్డెరోళ్లు తవ్వాలి. పెట్టె మాదిగోళ్లు మోయాలి. బుడ్లకు బదులు సాధన చేయడానికి కుమ్మరాయన చిన్న కుండలు చేయాలి. ఎడ్లబండికి చుట్టూ రేకులు కొట్టి దాన్నే ట్యాంకు అన్నారు. బండి నడుస్తుంటే పక్కన ఉరికి బంక కుండ కొట్టాలి. కొట్టారు. దుమ్ము మీద ఒక్కటీ నిలవలేదు, అన్నీ జారి కింద పడి పగిలాయి.

జమేదారు బెత్తం తొడకు కొట్టుకుంటూ అందరినీ చూశాడు. "అంటించేటోనికంటె ముంగట తుడిచేటోడు ఉరకాలె, తడిగుడ్డ పట్టుకొని. ఈ ఊళ్లె తుడుసుడు, ఉతుకుడు ఎవల పనిరా?"

అన్ని తలలూ మా ఆయన వైపు తిరిగాయి. జమేదారు భుజాలు ఎగిరాయి.

సాయిలు ఇంటికి వచ్చి అది ఒక తమాషాలాగా చెప్పాడు. "ఊళ్లోళ్ల మురికంత అయిపోయింది, ఇగ ఫౌజోళ్ల మురికి మొదలు" అన్నాడు. నేను నవ్వలేదు. బండి పక్కన ఉరుకుతూ తుడవడం రోజూ జరిగేది. ఒక్క చార మిగిలినా బెత్తం వేళ్ల మీద పడేది. కానీ మా ఆయన స్వభావం ఏం చెప్పను! ఏ పని చేతిలో పెట్టినా దాని అంతు చూసేదాకా నిద్రపోడు. "ఒక్క గుంజుకు రేకు అద్దమైతాంది తెల్సా? జమేదారే నోరు తెరిసిండు" అని గొప్పగా చెప్పుకున్నాడు.

"నీ సావును నువ్వే అద్దంల సూసుకుంటున్నవా?" అని అన్నం గిన్నె నేలకేసి కొట్టాను. పిల్లలిద్దరూ ఏడుపు లంకించుకున్నారు.

"పోదాం పా, తిరుమలగిరికి మా అమ్మోళ్ల ఇంటికి పోదాం" అన్నాను.

"మనం పోతె మనింటి వంతు పోతదా? తమ్ముణ్ని గుంజుకపోతరు. వానికి మీసం సుత రాలె" అన్నాడు.

అందుకే జమేదారునే అడగాలనుకున్నాను. అతను తన ఖాకీ బట్టలు గడీ మూటలో కలపనిచ్చేవాడు కాదు. తానే చాకిరేవుకు తెచ్చి, ఉతికేదాకా నిలబడి చూసేవాడు. ఆ రోజు కూడా వచ్చాడు. కాళ్ల మీద పడ్డాను.

"పటేలా, నీ బాంచెన్. మా ఇంటాయనను గా తుడిచే పనికెల్లి తప్పియ్యి. గుంతలు తవ్వమను, బండలు మోయమను, ఏదన్న జేస్తడు."

"ఎందుకే? అన్నిట్ల తేలిక పని అదే గదా."

"తేలిక పనైతె నువ్వే చేయరాదు పటేలా?"

ఎట్లా వచ్చిందో నోటికి వచ్చేసింది. చెంప మీద పడుతుందనుకున్నాను. పడలేదు. పక్కనున్న బండను ఊది, తుడిచి కూర్చున్నాడు.

"నోరున్నది నీకు. ఇను మరి. ఇసుక దేశంల నాకు గిట్లనే ఒక తుడిచేటోడుండె. చిన్న పిలగాడు. వాడు ముంగట ఉరికేది, నేను బుడ్డి పట్టుకొని ఎన్క. ఒకనాడు మంచిగ తుడిచిండు. నేను ఠప్పుమని కొట్టిన. బుడ్డి పలిగి బంకంత పర్సుకున్నది. వాడు చెయ్యి జల్ది తీయలె. చొక్కా చెయ్యి బంకల ఇరికింది."

నా చేతిలో తడి బట్ట ఆగిపోయింది. "మరి?"

"మరేంది? ఉరికిన."

"వాణ్ని గుంజకపోయినవా?"

"గుంజుకుంట కూసుంటె నేనియ్యాల నీ ముంగట కూసుందునా? ట్యాంకు పోయింది. ట్యాంకుతోని వాడు పోయిండు. నాకు ఛాతి మీదికి బిళ్ల ఇచ్చిండ్రు."

"వాని పేరేంది పటేలా?"

నిజంగానే ఆలోచించాడు. నుదురు ముడిపడింది. "ఏమో. తుడిచేటోడా అని పిలిచేది" అన్నాడు. తర్వాత నా చేతిలోని చొక్కా చూసి, "మెడకాడ మురికి పోలె, ఇంకోసారి కొట్టు" అన్నాడు. కొట్టాను. ఆ బండ మీద అతని తల ఉందనుకుని కొట్టాను.

దొర ముందే పసిగట్టి మోటారులో పట్నం పారిపోయాడు. జమేదారు పోలేదు. అది మెచ్చుకోవాలి అనేవాళ్లు కొందరు. అతనికి ఇంకొక్కసారి ట్యాంకు కావాలి, అంతే. ఫౌజులు మూసీ దాటాయన్న కబురు వచ్చిన పొద్దున సాయిలుతో బంక కాపించాడు. పుల్లతో కాదు, చేత్తో బుడ్లకు పూయించాడు. మోచేతుల దాకా బంక, దాని మీద ఉన్ని పోగులు. కడుక్కోవడానికి కూడా వదలకుండా సడక్ కింద వాన నీళ్లు పోయే మోరీ పక్క గుంతలోకి తీసుకుపోయాడు. ఇంట్లో నిలవలేక నేను పిల్లలను అత్త దగ్గర వదిలి, పక్కనున్న ఆముదం చేలో దూరాను. వానలు మొహం చాటేసిన రోజులు. సడక్ మీద దుమ్ము పాదం మునిగేంత ఉంది.

మధ్యాహ్నానికి నేల అదిరింది. ఆ చప్పుడు వినగానే తక్కిన వెట్టి మనుషులంతా గుంతల్లోంచి లేచి చేలల్లో పడి పారిపోయారు. సాయిలు పోలేదు. తమ్ముడి వంతు గుర్తుంది కాబోలు. మొదటి ట్యాంకు మోరీ దగ్గర నెమ్మదించింది. ఎర్ర దుమ్ములో గుట్ట కదిలినట్టు ఉంది. మా ఆయన తడిగుడ్డ పట్టుకుని గుంతలోంచి దూకాడు.

అమ్మా, ఆ ఉరుకుడు! నేర్పినట్టే వంగి, పక్కకు చేరి, ఒక్క గుంజుకు ఇంత మేర తుడిచాడు. దుమ్ము కింది నుంచి ఆకుపచ్చ రంగు బయటపడింది. తుడిచి వెనక్కు చూశాడు. అంటించేవాడు రాలేదు. ట్యాంకు ముందుకు కదులుతోంది. ఆయన దానితో పాటు ఉరికి, దుమ్ము మళ్లీ పడుతోందని మళ్లీ తుడిచాడు. మళ్లీ చూశాడు. గుంతలో జమేదారు తల కూడా కనిపించలేదు. ట్యాంకు మీది సిపాయి వంగి కిందికి చూశాడు. తుపాకీ తీస్తాడనుకుని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అతను నవ్వుతూ చేయి ఊపుతున్నాడు. ఊరివాళ్లు మర్యాద చేస్తున్నారనుకున్నాడేమో.

అప్పుడు లేచాడు జమేదారు. చేతిలో బుడ్డి లేదు. దొర ధోవతి ఉంది, నేను ఉతికి గంజి పెట్టిన తెల్ల ధోవతి. దాన్ని రెండు చేతులతో పైకి ఊపుతూ వాళ్ల భాషలో అరుచుకుంటూ వచ్చాడు. నిటారుగా నిలబడి సలాం కొట్టాడు. తర్వాత వేలు చాపి సాయిలును చూపించాడు. గుంతను చూపించాడు.

సిపాయిలు గుంతలోంచి బుడ్లు తీశారు. ఇద్దరి చేతులూ చాపమన్నారు. జమేదారు అరచేతులు కడిగిన పళ్లెంలా ఉన్నాయి. మా ఆయన చేతుల మీద బంక, ఉన్ని పోగులు. నేను చేలోంచి ఉరికి వచ్చేసరికి ఆయనను లారీ ఎక్కించారు. "నేను తుడిచినంతె, తుడిచినంతె" అని అంటూనే ఉన్నాడు. తెలుగు తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు.

మర్నాడు చిన్నదాన్ని చంకనేసుకుని నార్కట్‌పల్లి నడిచాను. సడక్ పక్కన డేరాలు. లోపల బల్ల ముందు కళ్లద్దాల ఆఫీసరు. మంచివాడిలాగే ఉన్నాడు. పిల్లను చూసి నన్ను కూర్చోమని చేత్తో చూపించాడు. సాయిలు డేరా మూల నిలబడి ఉన్నాడు, చేతులు కట్టేసి. ఆఫీసరు పక్కన కుర్చీలో జమేదారు. నా మాట ఆయనకూ, ఆయన మాట నాకూ చెప్పేవాడు అతనేనట!

అయినా వేలు చాపి జమేదారునే చూపిస్తూ, "చేయించినోడు ఈయనే సాబూ" అని అరిచాను. ఆఫీసరు, ఏమంటోందని జమేదారును అడిగాడు. అతను ఏదో చెప్పాడు. అందులో 'గవా' అన్న మాట నాకు దొరికింది. గవాయి సంగతి మాకూ తెలుసు. జరిగిందంతా చూసిన సాక్షి తానేనని నేను చెప్పినట్టు చెప్పాడు.

ఆఫీసరు ఇంకొకటి అడిగాడు. జమేదారు నా వైపు తిరిగాడు.

"నీ మొగని చేతులకు బంక ఉండెనా, లేదా అని అడుగుతాండు."

"ఉండె. ఎందుకుండదు? నువ్వు పూయిస్తివి గదా! ఈయన నీ బంక కాచిండు, నీ రేకులు తుడిచిండు, నీ బెత్తం దెబ్బలు తిన్నడు. బుడ్లు దెప్పిచ్చినోడు దొర, పట్టుకున్నోడివి నువ్వు. నా మొగడు తడిగుడ్డతోని ముంగట ఉరికితె నువ్వు గుంతల ముడుసుకుంటివి. ఇసుక దేశంల ఒకణ్ని తినొస్తివి, సాలలేదా నీకు? చెప్పు సాబుకు, నేనన్నదన్నట్టు చెప్పు!"

ఊపిరి అందనిదాకా చెప్పాను. ఆఫీసరు నా మొహమే చూస్తూ ఆగాడు. జమేదారు గొంతు సవరించుకున్నాడు.

"హా బోల్‌తీ హై, సాబ్" అన్నాడు. అవునంటోందట.

ఆఫీసరు కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు. అంతసేపు మాట్లాడింది ఇంతేనా అని అడిగినట్టున్నాడు. "బాకీ సబ్ రోనా హై, సాబ్" అన్నాడు జమేదారు. మిగతాదంతా ఏడుపట. ఆ రెండు ముక్కలూ నాకు అర్థమయ్యాయి. నేనప్పటికి ఏడవనే లేదు.

సాయిలును బయటికి నడిపించారు. నా పక్క నుంచి పోతూ, "ఇంటికి పో ఇగ. పెద్దోడు ఆకలిగొంటడు" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. జైలుకు పోయే లారీ కదిలింది.

ఎండలు ముదిరాక జైలు దిక్కు నుంచి ఒక జవాను వెతుక్కుంటూ వచ్చాడు. ఉత్తరాది మనిషి. అతని మాట మేము విన్న తురకం కూడా కాదు. పల్టన్‌లో అలాంటివాళ్లతో తిరిగినవాడు కాబట్టి మళ్లీ జమేదారు ఇంటి ముందుకే తీసుకుపోయారు. అప్పటికి అతను ఊరికి పెద్దమనిషి అయ్యాడు, కాంగ్రెసు తెల్ల టోపీ పెట్టాడు. జవాను చాలాసేపు చెప్పాడు. చెబుతూ తన పొట్ట మీద చేయి పెట్టుకున్నాడు, ఒకసారి చేత్తో పిల్లల ఎత్తు చూపించాడు, ఒకసారి కళ్లు తుడుచుకున్నాడు. జమేదారు అంతా విని నా వైపు తిరిగాడు.

"పోయిండట" అన్నాడు.

"గంతసేపు చెప్పె గదా పటేలా. ఏమన్న అన్నడా మా ఆయన? పిల్లలను అడిగిండా?"

"గంతే" అన్నాడు. ఇంట్లోకి వెళ్లిపోయాడు.

జవాను వెనక నేను సడక్ దాకా ఉరికాను. చేతులు జోడించి అడ్డం నిలబడ్డాను. ఆగాడు. నా బాధ అర్థమైంది కాబోలు, ఆ మహానుభావుడు మొదటి నుంచి మళ్లీ అంతా చెప్పాడు, నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరిదాకా నిలబడి విన్నాను.